అక్కకు లేదు, చెల్లికి ఉంది

తండ్రి మంచం పట్టాడని కబురందితే, ఏళ్ల తరబడి మాటల్లేని అక్కచెల్లెళ్లూ పుట్టింటికి చేరతారు. ఒకరు తల ఎత్తి పట్టుకుంటే, మరొకరు ఉద్ధరిణెతో తులసి తీర్థం పోస్తారు. ఈ ఎడమొహం పెడమొహం ఎక్కడ మొదలైందని తవ్వితే, తెలుగునాట కొన్ని ఇళ్లలో ఒక తేదీ బయటపడుతుంది: 1985 సెప్టెంబరు 5.

అంతకుముందు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులదే. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికిచ్చింది తండ్రి వాటాలో భాగమే. పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసిస్తే అది పెద్దల దయ. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఎన్టీ రామారావు ప్రభుత్వం కూతురికీ సమాన జన్మహక్కు ఇచ్చింది. గొప్ప పనే! కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. 1984లో అత్తారింటికి వెళ్లిన అక్కకు వాటా లేదు, 1986లో వెళ్లిన చెల్లికి ఉంది. తండ్రి మాత్రం ఒకడే.

2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ గీత చెరిపేసింది.

అయితే ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. దాంతో మరణ ధ్రువపత్రం మీది తేదీకి ఎక్కడలేని విలువ వచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ షరతు ఎత్తేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడే వీల్లేదు.