బొంత భుజానికెక్కిన వైనం

అతుకుల గుడ్డ అంటే లేమికి గుర్తని మనకో నమ్మకం. దేన్నయినా ‘అతుకుల బొంత’ అన్నామంటే తీసిపారేసినట్టే. అదే అతుకుల గుడ్డకు లోపల దళసరి పొర వేసి, నిలువు కుట్లు కొట్టి, రెండు పట్టీలు తగిలిస్తే టోట్ బ్యాగు. బొటీకుల్లో అద్దాల వెనక వేలాడుతోంది. ఇంట్లో మిషనున్నవాళ్లు ఆదివారం పూట సొంతంగా కుట్టుకుని ఆఫీసుకు తగిలించుకుపోతున్నారు. అటక మీది బొంత భుజానికెలా ఎక్కిందో చూస్తే, అతుకుల పని చరిత్రంతా గుడ్డ ధర చరిత్రేనని తెలుస్తుంది.

అతుకు మొదట్లో లేమికి గుర్తే కాదు. బుద్ధుడు మగధలో వెళుతూ గట్లు కట్టిన వరిమళ్లను చూసి, భిక్షువుల చీవరాలు ఆ తీరుగా కుట్టించగలవా అని ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. ముక్కలుగా కోసి కుట్టిన బట్ట సన్యాసికి తగినదీ, దాని మీద ఎవరికీ ఆశ పుట్టదూ అన్నది అందులోని లెక్క. ఆశ పుట్టకూడదనే ఎంచుకున్న అతుకులు తర్వాత పట్టుకూ పాకాయి. 1907లో ఆరెల్ స్టెయిన్ చైనాలోని దున్‌హువాంగ్ గుహల నుంచి తెచ్చినవాటిలో పట్టు ముక్కలు కలిపి కుట్టిన పెద్ద వస్త్రం ఒకటుంది. వెయ్యేళ్లు దాటిన ఆ గుడ్డ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మన బొంతకు ఇంత హంగు లేదు. మంచమెంతో బొంతంత. పాత నేతచీర నేల మీద పరిచి, దాని మీద చిరుగుపట్టిన పంచెలూ లుంగీలూ పొరలుగా పేర్చి, పైన కాస్త గట్టిగా ఉన్న చీర కప్పుతారు. ముడతలు రాకుండా అక్కడక్కడా టాకాలు వేసి, దబ్బనంతో వరసలు పట్టి కుట్టుకొస్తారు. పొరల మధ్య గాలి నిలుస్తుంది కనుక చలి ఆగుతుంది. కుట్లు దగ్గర దగ్గరగా పడతాయి కనుక లోపలి పేలికలు ఓ మూలకు జారి ముద్ద కట్టవు. క్విల్టింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్న విద్య సారం ఈ రెండే. బెంగాల్ వాళ్ల బొంత కాంతాలో కుట్టుదారం కూడా పాత చీర అంచుల నుంచి లాగిందే. ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి, కవాంది అనే తమ బొంతను అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకొస్తారు. నాలుగు మూలలా ‘ఫూల’ అనే మడత ముక్కలు పెట్టకపోతే అది వాళ్ల దృష్టిలో బట్ట కట్టనట్టే లెక్క.

సంచి విషయానికొస్తే మన నేల మీద ముందుగా చెప్పుకోవలసింది లంబాడీలను. ఎద్దుల మందల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కన్ అంతటా తిరిగిన జాతి అది. దళసరి నూలుగుడ్డను పొరలు వేసి, ఒత్తుగా కుట్లు పట్టి, అద్దాలూ గవ్వలూ పొదిగి వాళ్ల ఆడవాళ్లు కుట్టిన సంచులు క్విల్టెడ్ బ్యాగులు కాక మరేమిటి? మన ఇళ్లలో దీనికి చిన్న చెల్లెలుంది, వక్కాకు సంచి. ఆకులకో అర, వక్కలకో అర, సున్నపు డబ్బీకో అర, చిల్లరకో అర. తాడు లాగితే మూతి ముడుచుకుంటుంది. ఇవాళ్టి బ్యాగులో ఫోనుకో జేబు, తాళాలకో జేబు కుట్టడం గొప్ప అని చెప్పేవాళ్లు ఆ సంచిని ఒక్కసారి విప్పి చూడాలి.

ఇంగ్లండులో కథ తలకిందులుగా నడిచింది. అక్కడ అతుకులు మొదలుపెట్టింది డబ్బున్న ఇళ్లవాళ్లు. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచీ, గుజరాత్ నుంచీ చీటీ గుడ్డలు, అంటే అద్దకపు నూలుబట్టలు, ఓడల్లో యూరప్ చేరాయి. ఉతికినా పోని మంజిష్ఠ ఎరుపు, నీలిరంగు, తీగలూ పువ్వులూ చూసి అక్కడి ఆడవాళ్లు వెర్రెత్తిపోయారు. నేతగాళ్లు గగ్గోలెత్తారు. 1719లో లండన్ వీధుల్లో చీటీ గౌను వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు, సిరా పోశారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1700లో అద్దకపు గుడ్డల దిగుమతిని, 1721లో వాటి వాడకాన్నే చట్టం చేసి ఆపింది. 1774 దాకా ఆ ఆంక్షలు తొలగలేదు. గుడ్డ దొరకడం గగనమయ్యాక ఎవరు పారేస్తారు? కంబ్రియాలోని లెవెన్స్ హాల్ అనే భవనంలో 1708 ప్రాంతంలో భారతీయ చీటీ ముక్కలతో కుట్టిన దుప్పటి ఉంది. ఇంగ్లండులో మిగిలిన అతుకుల దుప్పట్లలో తొలినాటిదిగా దాన్నే చెబుతారు. పాశ్చాత్య ప్యాచ్‌వర్క్ తొలి పేజీ మీద మన అద్దకపువాళ్ల చెయ్యి పడిందన్న మాట. పుస్తకాల్లో ఆ మాట అంత గట్టిగా వినబడదు.

మిల్లులొచ్చి గుడ్డ చవకయ్యాక ఈ పని అమెరికాలో ఇంటింటికీ చేరింది. ఎలియాస్ హోవే 1846లో కుట్టు మిషనుకు పేటెంటు తీసుకున్నాడు, 1851లో ఐజాక్ సింగర్ తీసుకున్నాడు. 1856లో సింగర్ కంపెనీ వాయిదాల మీద అమ్మకం మొదలుపెట్టడంతో మధ్యతరగతి ఇల్లాలి చేతికి మిషను అందింది. మన దేశానికీ ఆ శతాబ్దంలోనే సింగర్ వచ్చింది. కలకత్తాలో 1930లలో తయారైన ఉషా మిషను తర్వాత్తర్వాత పెళ్లి సామాన్ల జాబితాలోకే ఎక్కింది.

అమెరికాలోనూ లేమితో కుట్టినవాళ్లున్నారు. అలబామాలో నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే నల్లజాతి పల్లెలో ఆడవాళ్లు పొలం పని బట్టలు చిరిగాక ఆ ముక్కలతోనే దుప్పట్లు కుట్టుకునేవారు. పౌరహక్కుల పోరాటం రోజుల్లో, 1966లో, ఆ చుట్టుపక్కల స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు దొరికింది. మిగిలిన కార్డురాయ్ ముక్కలు పల్లెకు చేరి మరిన్ని దుప్పట్లయ్యాయి. 2002లో హ్యూస్టన్‌లోనూ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ వాటిని గోడలకు వేలాడదీసి, ఆధునిక చిత్రకళకు సాటి అన్నారు. 2006లో తపాలా బిళ్లలు కూడా వేశారు. కుట్టేటప్పుడు వాళ్ల మనసులో ఉన్నది చలి ఒక్కటే!

ఇక టోట్ బ్యాగు పుట్టుక వేరు. 1944లో అమెరికాలో ఎల్.ఎల్.బీన్ కంపెనీ ఐసు గడ్డలు మోయడానికి కాన్వాసు సంచి తెచ్చింది. 1965లో దానికే రంగు పట్టీలు వేసి పడవ షికార్ల సంచిగా అమ్మింది. పారిస్‌లో కోకో షనెల్ 1955 ఫిబ్రవరిలో తెచ్చిన క్విల్టెడ్ తోలు బ్యాగు ధనవంతుల సంగతి. ఈ రెంటినీ మామూలు ఆడవాళ్ల దాకా దించింది మాత్రం 1982లో ఇండియానాలో ఇద్దరు స్నేహితురాళ్లు మొదలుపెట్టిన వేరా బ్రాడ్లీ పూల గుడ్డ బ్యాగులే. అంతకు ముందే, 1979లో, జపాన్ కంపెనీ ఓల్ఫా గుడ్డ కోసే చక్రపు కత్తి తెచ్చింది. కత్తెరతో ఒక్కో ముక్కా కోసే బాధ తప్పి, నాలుగైదు పొరలు ఒక్క లాగుడుతో తెగాయి. తర్వాత్తర్వాత కొత్త గుడ్డను ముక్కలుగా కోసి కట్టలు కట్టి అమ్మే వ్యాపారం లేచింది. నాకు నచ్చనిది ఇక్కడే. చిరిగిన గుడ్డను బతికించే విద్య, బాగున్న గుడ్డను చింపే విద్యగా మారింది.

మన దగ్గర గుడ్డ సంచి మళ్లీ చేతికొచ్చింది ప్లాస్టిక్ పుణ్యాన. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగు 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. అమలు సంగతి కూరగాయల బజారుకెళ్లినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కుట్టాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ముక్కలన్నీ నూలువే తీసుకోండి. పాలిస్టర్ కలిస్తే ఉతికాక ఒకటి ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోక అతుకు బిగుసుకుపోతుంది. నలుపలకలుగా కోసి పావంగుళం కుట్టు వదిలి కలపండి, ప్రతి అతుకునూ ఇస్త్రీ చేయండి. లోపలి పొరకు కొన్న దూది షీటే అక్కర్లేదు, పాత తువ్వాలు చాలు. మూడు పొరలకూ కచ్చా కుట్టు వేసి, మిషను కుట్టు నడిమి నుంచి అంచులకు కొట్టండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ నడుమ ఉబ్బుతుంది. పట్టీ తగిలించే చోట చతురస్రం కుట్టి, లోపల అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టు వేస్తే మోత బరువుకు ఊడదు. బీరువాలో పాత చీరా, చిన్నదైపోయిన జీన్సు ప్యాంటూ ఉన్నన్నాళ్లు దీనికోసం కొత్త గుడ్డ కొనకండి.