నాగయ్య, ఆయన చివరి భక్తుడు

ఒకప్పుడు చిత్తూరు వి. నాగయ్యకు ‘భారతదేశపు పాల్ మ్యూని’ అని పేరుండేది. ఇప్పటివాళ్లకు ఆ అమెరికా నటుడెవరో చెప్పాలి, నాగయ్య ఎవరో కూడా చెప్పాల్సి రావచ్చు. మ్యూని 1895లో తూర్పు ఐరోపాలోని ఒక యూదు నాటకాల కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. పన్నెండేళ్ల వయసులోనే రంగస్థలం మీద ఎనభై ఏళ్ల ముసలివాడి వేషం కట్టాడు. 1932లో ‘స్కార్‌ఫేస్’లో కిరాతకుడైన గ్యాంగ్‌స్టర్. 1936లో లూయీ పాశ్చర్‌గా నటించి ఆస్కార్ గెలుచుకున్నాడు. మరుసటేడు ఎమిలీ జోలా, 1939లో మెక్సికో నాయకుడు హువారెజ్. మహాపురుషుడి జీవితం సినిమా తీయాలంటే హాలీవుడ్‌కు మొదట గుర్తొచ్చే ముఖం అతనిదే అయింది.

నాగయ్యతో పోలిక ఇక్కడే కుదిరింది. పోతన, త్యాగయ్య, వేమన, రామదాసు: తెలుగువాడికి ఈ నలుగురి ముఖాలూ చాలాకాలం నాగయ్య ముఖమే. అయితే పోలిక పెట్టినవాళ్లు సగమే చూశారనిపిస్తుంది. మ్యూని గడ్డాలూ మీసాలూ రంగులూ పులుముకుని, పాత్ర వెనక తాను కనబడకుండా పోయేవాడు. నాగయ్య వేషం వేసినా దాక్కోలేదు. ఆయన గొంతు దాక్కోనిచ్చేది కాదు. పద్యం ఎత్తుకుంటే పోతన పాడుతున్నాడో నాగయ్య పాడుతున్నాడో విడదీసి చెప్పలేం.

1904 మార్చి 28న రేపల్లెలో పుట్టినా ఇంటిపేరులా అతుక్కున్న ఊరు చిత్తూరు. కొంతకాలం గుమస్తాగిరీ, కొంతకాలం పత్రికలో పని, మధ్యలో జాతీయోద్యమం. అక్కడి నాటక సమాజంలో పాటగాడిగా పేరొచ్చింది. సినిమాల్లోకి వచ్చేసరికి ముప్ఫై నాలుగేళ్లు. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’లో సంస్కర్త పాత్ర, మరుసటేడు బి.ఎన్. రెడ్డి ‘వందేమాతరం’లో కథానాయకుడు. వాహినీ సంస్థకు అదే తొలి చిత్రం. ఆ తర్వాతి ఆరేడేళ్లలో నాగయ్య చేసిన పాత్రలు ఒకసారి వరసపెట్టి చూడండి. ‘దేవత’ (1941)లో ఇంట్లో పనిచేసే పిల్లను లొంగదీసుకుని వదిలేసిన చదువుకున్న పెద్దింటి కుర్రాడు. ‘స్వర్గసీమ’ (1945)లో నాటకాల పిల్ల మోజులో పడి, కట్టుకున్న ఇల్లాలిని గాలికొదిలేసిన పెద్దమనిషి. తప్పుచేసి, దాన్ని తనలో తానే మోసుకుంటూ కుంగిపోయే మనుషులు వీళ్లు. నన్నడిగితే నాగయ్య నటనలో అసలు పస అక్కడుంది. ఆ మెత్తని మాట, తలవంచుకునే తీరు తప్పుచేసినవాడికి ఇచ్చినప్పుడు చూసేవాడికి కోపమూ జాలీ ఒకేసారి పుడతాయి.

జనం మాత్రం అవి గుర్తుపెట్టుకోలేదు. ఆ రెండు సినిమాల మధ్యే, 1943లో, ‘భక్త పోతన’ వచ్చింది. కె.వి. రెడ్డికి దర్శకుడిగా అదే మొదటిది. రాజుకు భాగవతాన్ని అంకితమివ్వనన్న బమ్మెర రైతుకవి నాగయ్య రూపంలో తెలుగు దేశమంతా తిరిగాడు. 1945లో ఎల్లిస్ డంగన్ అనే అమెరికా దర్శకుడు తమిళంలో ‘మీరా’ తీస్తూ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పక్కన రాణాగా నాగయ్యనే పెట్టుకున్నాడు. 1946లో నాగయ్య సొంత సంస్థ పెట్టుకుని ‘త్యాగయ్య’ తీశారు. నటన, గానం, దర్శకత్వం అన్నీ తనవే. 1947లో మళ్లీ కె.వి. రెడ్డితో ‘యోగి వేమన’. మరుసటేడు తమిళ ‘చక్రధారి’లో కుమ్మరి గోరా. అయిదేళ్లలో ఒక నటుడు ఋషి అయిపోయాడు. ఆ తర్వాత ఆయన్ను పాపిగా ఊహించుకోవడానికి నిర్మాతకూ ధైర్యం చాలలేదు, ప్రేక్షకుడికీ మనసొప్పలేదు. మ్యూనికీ ఇదే జరిగింది. పాశ్చర్ వచ్చాక ‘స్కార్‌ఫేస్’ వెనక్కి పోయింది.

ఇక మన ఖమ్మం వైపు కథ. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ నవాబు తానీషా కొలువులో మేనమామలు అక్కన్న, మాదన్నల ప్రాపకంతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. గోదావరి ఒడ్డున, మన్యం మొదలయ్యేచోట, భద్రాచలంలో పోకల దమ్మక్క తాటాకు పందిరి కింద కొలుస్తున్న రాముడికి శిస్తు సొమ్ముతో గుడి కట్టాడు, నగలు చేయించాడు. ఖజానాకు లెక్క చెప్పలేక గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడనీ, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారనీ ఇక్కడి జనం నమ్మకం. కోటలో రామదాసు బందిఖానాను ఇప్పటికీ చూపిస్తారు. ఆయన చేయించాడని చెప్పే నగలు భద్రాచలంలో ఉన్నాయి. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు రావడం తానీషా నాటి ఆనవాయితీ అంటారు.

మిగతా ముగ్గురికీ గోపన్నకూ ఒక తేడా ఉంది. పోతన రాజు గుమ్మం తొక్కనన్నాడు. త్యాగయ్య తంజావూరు కానుకలను తిప్పి పంపాడు. వేమన అన్నీ వదిలేశాడు. గోపన్న ఒక్కడే సర్కారు ఉద్యోగి, పైగా సర్కారు సొమ్ము వాడినవాడు. చట్టం లెక్కన దోషి, గుడి లెక్కన భక్తుడు. ‘దేవత’లోనూ ‘స్వర్గసీమ’లోనూ నాగయ్య మోసిన అపరాధభారమూ, ‘పోతన’లో పలికిన భక్తీ ఒకే మనిషిలో దొరికే పాత్ర ఇదొక్కటే. త్యాగరాజు కూడా తన ‘ప్రహ్లాద భక్తి విజయం’లో రామదాసుకు మొక్కినవాడే కాబట్టి, త్యాగయ్య నుంచి రామదాసు దగ్గరికి నాగయ్య రావడంలో వింత లేదు.

వచ్చేసరికి మాత్రం ఆలస్యమైంది. ‘రామదాసు’ 1964లో విడుదలైంది. నిర్మాణమూ దర్శకత్వమూ ప్రధాన పాత్రా నాగయ్యవే, వయసు అరవై. అప్పటికే ఆయన తెరమీద అందరికీ తండ్రి, గురువు. ముందటేడు వచ్చిన ‘లవకుశ’లో వాల్మీకి. చేతిలో డబ్బు నిలిచేది కాదు. ఇంటికొచ్చినవాడికి లేదనకుండా పెట్టడం, సొంత సినిమాల మీద ఖర్చుకు వెనకాడకపోవడం, రెండూ కలిసి ఆయన్ను కుంగదీశాయి. దేవుడికోసం ఖర్చుపెట్టి చెరసాలపాలైన గోపన్నతో ఆయన్ను పోల్చడం చాలామందికి ఇష్టం. నాకు మాత్రం అది నచ్చదు. గోపన్న పెట్టింది పరగణా సొమ్ము, నాగయ్య పెట్టింది తన సొంత చెమట.

ఆ సినిమా రావడానికి కొన్నేళ్ల ముందుదాకా నేలకొండపల్లికీ భద్రాచలానికీ మధ్య సరిహద్దు ఉండేది. 1860 నుంచి భద్రాచలం బ్రిటిషువాళ్ల కింద, తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. నేలకొండపల్లి నిజాం ఏలుబడిలో ఉంది. అంటే గోపన్న పుట్టిన ఊరు ఒక రాజ్యంలో, కట్టించిన గుడి ఇంకో రాజ్యంలో. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి తీసి అందులో కలిపారు. గోదావరి మీద వంతెన 1965లో గానీ ప్రారంభం కాలేదు. అప్పటిదాకా ఖమ్మం నుంచి వచ్చిన యాత్రికుడు ఏరు దాటాలంటే పడవే దిక్కు. బూర్గంపాడు వైపు నిలబడి అవతలి గోపురాన్ని చూసేవాడికి, గుడికంటే ముందు రామదాసు తెరమీదే దగ్గరయ్యాడు.

1965లో నాగయ్యకు పద్మశ్రీ వచ్చింది. దక్షిణాది సినిమా నటుల్లో ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే. గౌరవం వచ్చింది గానీ పెద్ద పాత్రలు రాలేదు. చిన్నచిన్న వేషాలు వేస్తూనే 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. పాల్ మ్యూని అంతకు ఆరేళ్ల ముందే, 1967లో పోయాడు.

నాగయ్య వేసిన పాత్రలు ఆయనతో ఆగలేదు. 1981లో బాపు మళ్లీ ‘త్యాగయ్య’ తీస్తే జె.వి. సోమయాజులు వేశారు. 2006లో కె. రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’లో నాగార్జున గోపన్న, అక్కినేని నాగేశ్వరరావు కబీరు. ఇవాళ భద్రాచలం వీధుల్లో ఏ కుర్రాణ్ణి అడిగినా రామదాసంటే నాగార్జునే గుర్తొస్తాడు. అందులో తప్పులేదు. పాల్వంచ తహసీల్దారు కొలువులో చేరినప్పుడు పడుచువాడే. పరగణా తిరిగే ఆ యువ అధికారి, పెళ్లాంతో సరసమాడే గోపన్న అరవయ్యేళ్ల నాగయ్యకు అందని సంగతి. చెరసాల గోపన్న మాత్రం నాగయ్యకే బాగా తెలుసు. ఆ పాత్ర ‘స్వర్గసీమ’ చేసిన రోజుల్లో, నలభై ఏళ్ల వయసులో ఆయన చేతికి వచ్చి ఉంటే, ఒక్క మనిషే ఆ ఇద్దరు గోపన్నలనూ చూపించి ఉండేవాడు.