టూ స్ట్రోక్ రోజులు

మా నాన్నల తరం బజాజ్ చేతక్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి అది. 1985లో ఎస్కార్ట్స్ వాళ్లు తెచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 మాత్రం కుర్రాళ్ల బండి. 98 సీసీ, 11 గుర్రాల బలం, నూరు కిలోల పైచిలుకు బరువు. అంత తేలిక బండికి ఆ బలం చాలా ఎక్కువ.

1992లో విశాఖలో మా నలుగురికీ రెండు బండ్లు: ఒక ఆర్‌ఎక్స్, ఒక యెజ్డీ. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. పెట్రోలుకి చందాలేసుకుని రుషికొండ నుంచి భీమిలి దాకా పందెం. హెల్మెట్ ఎవరికీ లేదు. ఓ మలుపులో ఇసుక మీద ఆర్‌ఎక్స్ జారింది. నడిపింది నేను, మోకాలు విరిగింది వెనక కూర్చున్నవాడికి. ఇళ్లలో కుక్క అడ్డొచ్చిందని చెప్పాం.

టూ స్ట్రోక్ ఇంజిన్ పెట్రోలుతో పాటు ఆయిల్‌నీ మండిస్తుంది. కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది. కాలుష్య నిబంధనలు బిగిశాక, 1996లో ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. యెజ్డీలు చేసిన మైసూరు ఐడియల్ జావా కూడా అదే ఏడాది మూతపడింది.

ఇప్పుడు పాత ఆర్‌ఎక్స్‌లని వెతికి మరీ కొంటున్నారు. మా వాడి కొడుకూ కొంటానంటున్నాడు. మొన్న అడిగాడు: "ఆ రోజు నిజంగా కుక్క అడ్డొచ్చిందా బాబాయ్?"

వాళ్ల నాన్న పక్కనే కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ మోకాలు ఇప్పటికీ పూర్తిగా మడవదు.

"కుక్కా లేదు, ఏం లేదురా. నేనే స్పీడు తగ్గించలేదు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.