ఆర్కైవ్ డేటాబేస్‌లోకి నిర్మాణ మార్పుల దిగుమతి

రోజువారీ పనికి వాడే డేటాబేస్ నుంచి పాత వివరాలను తీసి భద్రపరిచే చోటు ఆర్కైవ్ డేటాబేస్. అసలు డేటాబేస్‌లో కాలమ్ కొత్తగా చేరినా, దాని వెడల్పు పెరిగినా, కోడ్‌ల జాబితా, ఫారం, రిపోర్టు మారినా ఆ మార్పు ఆర్కైవ్‌లోకీ రావాలి. లేకుంటే తర్వాతి విడత తరలింపు మధ్యలో ఆగిపోవచ్చు. ఆగకుండా సాగిపోయి కొన్ని వివరాలు రాలిపోతే ఇంకా ప్రమాదం.

భూరికార్డుల్లో ఈ పని విలువ బాగా తెలుస్తుంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం ప్రాజెక్టుకు 2007లో శంకుస్థాపన జరిగింది. అక్కడా చుట్టుపక్కల పల్లెల్లోనూ భూములు సేకరించారు. ఎవరి భూమి ఎంత పోయిందో తేల్చాలంటే నాటి అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (యాజమాన్య రికార్డు) నాటి రూపంలోనే చేతికి రావాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పులివెందుల రెవెన్యూ డివిజన్ ఏర్పడి, వేముల అందులో చేరింది. ఆ డివిజన్ కోడ్‌ను ఆర్కైవ్ జాబితాలో చేర్చాల్సిందే. దానితో 2007 నాటి వరుసలను మాత్రం తిరగరాయకూడదు. అందుకే ప్రతి కోడ్‌కూ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీలు ఉండాలి.

వెడల్పు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. సర్వే నంబరు 45-2ఏ1 అనుకుందాం. ఆర్కైవ్‌లోని కాలమ్ ఇరుకై చివరి రెండు అక్షరాలు తెగితే మిగిలేది 45-2. ఆ రికార్డు వేరే రైతు పొలాన్ని చూపవచ్చు. కాబట్టి ఆర్కైవ్ కాలమ్‌ను వెడల్పు చేయవచ్చు, కుదించకూడదు.

ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరులో మొదలుపెట్టిన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. ఇలాంటి నంబర్ల కోసం చేర్చే కొత్త కాలమ్ పాత వరుసల్లో ఖాళీగానే ఉండాలి. సున్నాతో నింపితే లేని సమాచారం ఉన్నట్టవుతుంది. పాత, కొత్త నంబర్ల పొంతన చూపే పట్టిక విడిగా ఉంచాలి. తెలంగాణలో ధరణి పోర్టల్‌లోని పహాణీ (అడంగల్ లాంటి రికార్డు) నుంచి అనుభవదారు కాలమ్ తొలగిపోయింది. అసలులో తీసేసిన కాలమ్‌ను ఆర్కైవ్‌లో కొట్టేయడం క్షమించరాని పని, ఎందుకంటే సాగులో ఎవరున్నారో చెప్పే సాక్ష్యం అక్కడే మిగులుతుంది.

దిగుమతికి ముందు బ్యాకప్ తీసి, నకలు మీద పరీక్షిస్తారు. ముందు నిర్మాణం, తర్వాతే డేటా. వరుసల లెక్క సరిపోతే చాలదు. గ్రామాలవారీగా విస్తీర్ణం మొత్తం ఎకరాల్లో, సెంట్లలో దిగుమతికి ముందూ తర్వాతా ఒక్కటే కావాలి.