పన్నెండు నెలలంటే ఎన్ని రోజులు?

ఏడాదికి పన్నెండు నెలలని మనం ఒకటో తరగతిలోనే వల్లెవేశాం. ఆ పన్నెండు నెలలు ఏ రోజుతో పూర్తవుతాయన్న దాని మీద లండనులో పెద్దమనుషులు కోర్టుకెక్కారంటే నమ్ముతారా? ఎక్కారు. అదీ ఇప్పటి మాట కాదు, నాలుగు వందల నలభై ఏళ్ళ నాటి మాట.

1583 జూన్ 18న రిచర్డ్ మార్టిన్ అనే ఆయన, విలియం గిబ్బన్స్ అనే మరో ఆయన ప్రాణం మీద పన్నెండు నెలలకి ఇన్సూరెన్సు రాయించాడు. వివరాలతో సహా మనకి దొరికిన జీవిత బీమా పాలసీలలో ఇదే మొదటిదంటారు. ఏడాది నిండకుండానే, 1584 మే నెలలో, గిబ్బన్స్ కన్ను మూశాడు. డబ్బిమ్మని అడిగితే పూచీపడ్డ వర్తకులు అడ్డం తిరిగారు. "మేం రాసిచ్చిన నెలలు ఇరవై ఎనిమిది రోజుల నెలలండీ. ఆ లెక్కన గడువు ఎప్పుడో దాటిపోయింది" అన్నారట. అంటే వాళ్ళ ఏడాదికి 336 రోజులే! చాంద్రమానం మనకి తెలియనిదా? మన పంచాంగంలో చాంద్రమాసానికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు, తగ్గిన రోజులకి అధికమాసం వేసి సర్దుకుంటాం. ఆ వర్తకుల పంచాంగం డబ్బు చెల్లించాల్సిన రోజున పుట్టింది. కోర్టు వాళ్ళ వాదన కొట్టిపారేసి, నెలంటే మామూలు జనం అనుకునే నెలేనని చెప్పి డబ్బు ఇప్పించింది.

బిడ్డ పుడుతూనే పేచీతో పుట్టిందన్నమాట.

ఇది చదివి బీమా అంటేనే మోసమనే నిర్ణయానికి రాకండి. ఇవతలి పక్క కూడా చూడాలి. మన ఒంట్లో ఏముందో మనం చెబితేనే గాని వాళ్ళకి తెలియదు. చెప్పకుండా దాచి, తక్కువ ప్రీమియం కట్టి, పెద్ద మొత్తం పట్టుకుపోతే నష్టపోయేది నిజం చెప్పి కట్టిన మిగతా వాళ్ళే. ఈ చిక్కుముడిని విప్పడానికి ప్రయత్నించిన తీర్పు ఒకటి 1766లో వచ్చింది. చెప్పింది లార్డ్ మాన్స్‌ఫీల్డ్. సుమత్రా దీవిలో బెంకూలెన్ దగ్గర ఇంగ్లీషువాళ్ళకి మార్ల్‌బరో అనే కోట ఉండేది. దాని గవర్నరు కార్టర్. పరాయి దేశం వాళ్ళు కోట పట్టుకుంటే తనకి డబ్బు వచ్చేలా లండనులో బీమా చేయించుకున్నాడు. 1760లో ఫ్రెంచివాళ్ళు రానే వచ్చారు, కోట పట్టుకున్నారు. "కోట బలహీనంగా ఉందని మాకెందుకు చెప్పలేదు?" అని బీమా రాసినాయన డబ్బివ్వనన్నాడు.

మాన్స్‌ఫీల్డ్ ఏమన్నాడంటే, బీమా పూర్తిగా నమ్మకం మీద నడిచే బేరం, కాబట్టి తనకి తెలిసిన ముఖ్యమైన సంగతి ఎవరూ దాచకూడదు. ఇప్పటికీ బీమా చట్టానికి మూలస్తంభం ఇదే. అయితే ఆయన ఈ నియమం ఇద్దరికీ వర్తిస్తుందన్నాడు. ఎక్కడో దూరాన ఉన్న కోటకి యుద్ధకాలంలో బీమా రాస్తూ, దాని సంగతి ఏమీ అడగకుండా ప్రీమియం పుచ్చుకుని, తీరా కోట పోయాక "చెప్పలేదు" అనడం కుదరదని గవర్నరు పక్షానే తీర్పిచ్చాడు. తరువాతి కాలంలో ఈ తీర్పులో మొదటి సగం అందరికీ కంఠతా వచ్చింది. రెండో సగం ఎందుకో మరుగున పడింది.

మన దేశానికి ఈ వ్యాపారం 1818లో కలకత్తాలో దిగింది. అది ముఖ్యంగా దొరలకి, దొరసానులకి. భారతీయుల ప్రాణాలు గట్టివి కావని ఎక్కువ ప్రీమియం గుంజేవారు! తరువాత మనవాళ్ళే కంపెనీలు పెట్టారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించారు. 1956లో ఇలాంటి సంస్థలు 245 కలిసిపోయి జీవిత బీమా సంస్థ ఏర్పడింది. ఆ చరిత్ర పెద్దది, మనకిప్పుడు కావలసింది ఫారం కథ.

ఆ రోజుల్లో ఒక ఆసామీ 25,000 రూపాయలకి పాలసీ తీసుకున్నాడు. 1945 నాటికి అది తక్కువ సొమ్ము కాదు. "గత అయిదేళ్ళలో ఏ డాక్టరుకైనా చూపించుకున్నారా?" అని ఫారంలో ప్రశ్న. "లేదు" అని జవాబు. 1946లో ఆయన పోయాడు. ఆరా తీస్తే 1943లోనే రక్తహీనతకి, ఉబ్బసానికి, గుండె జబ్బుకి ఒక డాక్టరు ఆయనకి వైద్యం చేశాడని తేలింది. దావా సుప్రీంకోర్టు దాకా నడిచి 1962లో ముగిసింది. పైసా రాలేదు. కేసుకి పదహారేళ్ళు పట్టినా, ఆ క్లెయిము పోయింది మాత్రం ఫారం నింపిన రోజునే.

ఇక్కడే నా మనసుకి పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆ "లేదు" అన్న మనిషి, ఎందుకలా అన్నావని నిలదీసే వేళకి ఉండడు. జవాబు చెప్పుకోవాల్సింది ఇంట్లో మిగిలినవాళ్ళు. మన ఇళ్ళల్లో ఎక్కువగా భార్య. పోనీ ఫారం నింపేటప్పుడు ఆవిణ్ణి పిలిచారా అంటే, పిలిచారు, కాఫీ ఇవ్వడానికి. ముందు గదిలో ఏజెంటూ, ఆయనా ఎదురెదురుగా కూర్చుంటారు. "జబ్బులేం లేవుగా సార్?" "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." టిక్కు, టిక్కు, సంతకం. ఆయన గారి బీపీ మాత్రలు నెలకెన్నో, ఏ సంవత్సరం ఏ ఆస్పత్రిలో మూడు రోజులున్నారో, సిగరెట్టు మానేసినా భోజనం కాగానే జర్దా కిళ్ళీ ఎలా పడాలో ఎవరికి తెలుసు? (జర్దా కూడా పొగాకే. ఈ సంగతి మగవాళ్ళకి ఫారం ముందు ఎందుకో గుర్తుకు రాదు.) తెలిసిన మనిషి వంటింట్లో ఉంటుంది, సంతకం ముందు గదిలో జరిగిపోతుంది.

మా నవలల్లో అయితే నాయిక భర్త పోయిన నెలలోగా ఇన్సూరెన్సు సొమ్ము వచ్చేస్తుంది, పిల్లల చదువులు సాగిపోతాయి. కథకి అదే సుఖం.

ఏజెంటు మంచివాడే కావచ్చు. కాని ఆయన ఎవరి మనిషి? 1997లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటి చెబుతాను. ఒకాయన ప్రీమియం 1987 మార్చిలో కట్టాలి. ఆలస్యమైంది. జూన్‌లో ఏజెంటు చేతికి చెక్కిచ్చాడు. ఏజెంటు దాన్ని మార్చుకున్నాడు గాని ఆఫీసులో కట్టలేదు. ఆగస్టు 9న ఆయన ప్రమాదంలో పోయాడు. ఏజెంటు డబ్బు కట్టింది ఆగస్టు 10న! ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకి లేదు గనక అది సంస్థకి ముట్టినట్టు కాదన్నారు. క్లెయిము పోయింది. ప్రీమియం ఆరు నెలలకో ఏడాదికో కట్టేవాళ్ళకి గడువు దాటాక నెల రోజులు, నెలనెలా కట్టేవాళ్ళకి పదిహేను రోజులు వెసులుబాటు ఉంటుంది. అది దాటితే పాలసీ పడుకుంటుంది. రశీదు ఆఫీసుదై ఉండాలి.

చట్టం మొత్తం కంపెనీల పక్షమేమీ కాదు. 1938 చట్టంలో 45వ సెక్షను అని ఒకటుంది. రెండేళ్ళు దాటిన పాలసీని రద్దు చేయాలంటే ఊరికే తప్పు చూపితే చాలదు, కావాలని మోసం చేశారని రుజువు చేయాలనేది. 2015లో దాన్ని సవరించారు. మూడేళ్ళు నిండిన జీవిత బీమా పాలసీని ఇక ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. అయితే ఆగిపోయిన పాలసీని మళ్ళీ బతికిస్తే ఆ మూడేళ్ళు అప్పటినుంచి లెక్క. ఆరోగ్య బీమాకి ఈ గడువు 2024 నుంచి అయిదేళ్ళు, మోసం రుజువైతే తప్ప.

మన పిల్లలు అమెరికాలో ఉన్నారు, మనం వెళ్ళొస్తుంటాం కాబట్టి ఇదీ వినండి. 1998లో ఒకాయన అమెరికాలో పెళ్ళికి వెళుతూ ప్రయాణ వైద్య బీమా తీసుకున్నాడు. తనకి మధుమేహం ఉందని దాచకుండా చెప్పాడు, పరీక్షలూ చేయించుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు. కొలెస్టరాల్ మందులు వాడుతున్న సంగతి చెప్పలేదని కంపెనీ డబ్బివ్వలేదు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, జస్టిస్ నాగరత్న రాసిన తీర్పులో, ఆయన పక్షాన నిలిచింది. జబ్బుందని చెప్పాక, పరీక్షించి చూశాక పాలసీ ఇచ్చి, తీరా ఆ జబ్బు కారణంగానే ఏదైనా జరిగితే వెనక్కి పోకూడదంది. మాన్స్‌ఫీల్డ్ తీర్పులో మరుగున పడ్డ రెండో సగం మళ్ళీ వెలుగు చూసినట్టయింది. కాని ఇరవై మూడేళ్ళు! అంతకాలం పోరాడే ఓపిక ఎందరికుంటుంది?

అంత దూరం పోకుండా బీమా అంబుడ్స్‌మన్ అని ఒకరున్నారు. మన హైదరాబాదులోనూ ఆ కార్యాలయం ఉంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అది తిరస్కరించిన ఏడాదిలోగా అక్కడికి వెళ్ళవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల దాకా విచారిస్తారు.

పాలసీ కాగితాలు చేతికొచ్చాక ముప్పై రోజులు గడువుంటుంది, నచ్చకపోతే తిప్పి పంపేయడానికి. బాండుతో పాటు ఆ రోజు నింపిన ఫారం నకలు కూడా వస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం, అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళాక, కళ్ళజోడు పెట్టుకుని అది చదవండి. ఏ ప్రశ్నకి ఆయన "లేదు" అన్నారో చూడండి. ఉన్నదాన్ని లేదన్నారనిపిస్తే ఆ సాయంత్రమే అడగండి, జవాబు చెప్పడానికి ఆయన ఎదురుగానే ఉన్నారు కదా.