దత్తమండలాల పేరు మీద సినిమా బేరం

రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో పుట్టి, నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఆ జిల్లాలను వదులుకున్న సంగతిని గుర్తుచేసే 'దత్తమండలాలు' అన్న పాత పేరును పత్రికల నుంచీ ప్రసంగాల నుంచీ క్రమంగా తప్పించింది గానీ, తెలుగు సినిమా వ్యాపారంలో మాత్రం చోటు సంపాదించుకోలేకపోయింది. ఆ వ్యాపారంలో సీమ నేటికీ సీడెడ్, తెలంగాణ నేటికీ నైజాం. కోస్తా అంతా ఉత్తరాంధ్ర నుంచి నెల్లూరు దాకా తెగిన ముక్కలు. 1948లో సంస్థానం పోయినా, 1956లో రాష్ట్రం ఒక్కటై 2014లో రెండైనా ఈ హద్దులు చెక్కుచెదరకపోవడానికి కారణం, ఇవి ప్రభుత్వం గీసినవి కాకుండా ఒక్కో చిత్రాన్ని ఏరియాల వారీగా అమ్ముకునేందుకు బయ్యర్లు, అంటే హక్కులు కొనే పంపిణీదారులు, వాడుకలో నిలుపుకున్నవి కావడమే. ఏ ఏరియా ఎంతకు పోతుందన్న లెక్క, ఏ కథ తెరకెక్కుతుందన్న నిర్ణయంలోకి ఎలా చొరబడిందో చూడాలంటే, ఆ లెక్క లేని రోజులను ముందుగా తలచుకోవాలి.

1930లలో తెలుగు చిత్రాలకు అందిన పెట్టుబడిలో కొంత జమీందారుల ఖజానాల నుంచి వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1938లో 'మాలపిల్ల'ను, 1939లో 'రైతుబిడ్డ'ను తీసిన సారథి ఫిలిమ్స్ వెనుక నిలిచినది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారీ దోపిడీని ఎండగట్టిన 'రైతుబిడ్డ' మీద తోటి జమీందారులు మండిపడ్డారు, కొన్నిచోట్ల దాని ప్రదర్శన నిలిచిపోయింది. అయినా ఆ చిత్రం ఉనికిలోకి రాగలిగిందంటే, పెట్టుబడి పెట్టినవాడు టిక్కెట్ల రాబడి ఒక్కటే చూసుకునే వ్యాపారి కాకపోవడం కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి. అటువంటి డబ్బు ఔదార్యంతో పాటు ఒక మనిషి అభిరుచికీ కట్టుబడి ఉంటుంది: 1949లో వచ్చిన 'కీలుగుర్రం'కు మీర్జాపురం రాజా నిర్మాతగా ఆగిపోక స్వయంగా దర్శకుడయ్యాడు.

తరువాతి దశ మద్రాసు స్టూడియోలది. విజయా సంస్థలో నటులు, సాంకేతిక నిపుణులు నెలజీతానికి పనిచేసేవారు, ఎన్.టి. రామారావు కూడా అలాగే అందులో అడుగుపెట్టాడు. ఆ సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి తమ తొలి చిత్రం 'షావుకారు' 1950లో ఆశించిన రాబడి తేకపోవడంతో, మరుసటి ఏడాది జానపదమైన 'పాతాళభైరవి' వైపు మళ్లారు; 1957లో 'మాయాబజార్'ను తెలుగు, తమిళాలు రెండింటిలో ఏకకాలంలో నిర్మించారు. భారీ సెట్ల ఖర్చును రెండు మార్కెట్ల మీద పరచే ఈ ఏర్పాటు వ్యాపారబుద్ధే అయినా, ఆ బుద్ధి సొంత స్టూడియో, సొంత సిబ్బంది గల యజమానిది కనుక, స్క్రిప్టు తృప్తికరంగా కుదిరేదాకా ఆగగలిగే ఓపిక కూడా దానికి ఉండేది.

ఆ ఓపిక కరవైనది సొంత స్టూడియో లేని నిర్మాతలు పెరిగాకనే. అటువంటి నిర్మాతకు చేతిలో ఉన్నది ఒక కథ, కొన్ని పేర్లు మాత్రమే కాబట్టి, షూటింగ్ మొదలయ్యే ముందే విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీ కార్యాలయాల చుట్టూ తిరిగి అడ్వాన్సు తెచ్చుకోవలసి వచ్చేది. ఈ బేరాల్లో మూడు రకాలు ముఖ్యమైనవి. కమీషన్ పద్ధతిలో పంపిణీదారు ఇచ్చిన అడ్వాన్సు వసూళ్లలోంచి తిరిగి రాకపోతే నిర్మాతే బాకీపడతాడు; కనీస హామీ, అంటే వాడుకలో ఎం.జి., పద్ధతిలో నష్టం పంపిణీదారుది, ఖర్చులూ హామీ సొమ్మూ దాటి వచ్చే మిగులును, దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు, ఇద్దరూ పంచుకుంటారు. ఔట్‌రైట్‌లో ఒప్పుకున్న కాలానికి హక్కులన్నీ ఒకే మొత్తానికి చేతులు మారతాయి. మూడింటిలోనూ డబ్బు చేతులు మారేనాటికి చిత్రం లేదు, దాని పోస్టరు కూడా లేదు. లేని సరుకుకు వెల కట్టడానికి పంపిణీదారుకు దొరికిన తూకంరాయి ఒక్కటే: ఫలానా కథానాయకుడి క్రితం చిత్రం తన ఏరియాలో ఎంత వసూలు చేసిందన్న లెక్క.

తెలుగు చిత్రాన్ని కథ కంటే ముందు కథానాయకుడి పేరుతో పిలవడం అభిమానుల ఉత్సాహం వల్ల మాత్రమే మొదలైందనుకోవడం ఈ లెక్కను మరిచిపోవడమే. పేరు తాకట్టు వస్తువుగా మారింది, కాల్షీట్, అంటే నటుడి తేదీలు, దొరికితే అడ్వాన్సు దొరుకుతుంది. 1972 ఒక్క ఏడాదిలోనే కృష్ణ నటించిన 18 చిత్రాలు విడుదల కావడాన్ని ఆయన చలాకీతనానికి ఎంత ఆపాదించినా, అంతమంది నిర్మాతలకు ఆయన తేదీలు అవసరమైన కారణం అంతకన్నా లోతైనది. పారితోషికానికి బదులు ఒక ఏరియా హక్కులను తీసుకునే కథానాయకులూ తరువాత వచ్చారు, అంటే తాకట్టు వస్తువే భాగస్వామి అయింది. అటువంటి చిత్రంలో నాయకుడు ఓడిపోయే ముగింపును, పాటలు లేని రెండో సగాన్ని ప్రతిపాదించే రచయిత ఒప్పించవలసింది దర్శకుణ్ణి ఒక్కణ్ణే కాదు.

ఈ ఏరియాల పటం కథావస్తువునూ ఎలా తినేసిందో చెప్పడానికి సీడెడే సాక్ష్యం. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) విజయాల తరువాత కక్షలు, సుమోలు, వేటకొడవళ్లు తెలుగు తెర మీద సీమకు గుర్తుగా స్థిరపడ్డాయి. కరువు, వలస, వేరుశనగ రైతు, నేత మగ్గం ఉన్న నేలను ఇన్నేళ్లలో వ్యాపార చిత్రాలు చూసింది తక్కువ; ఫ్యాక్షన్ కథ మాత్రం అన్ని ఏరియాల్లోనూ అమ్ముడుపోయింది. కొనుగోలుదారుగా సీడెడ్ ఇచ్చిన సొమ్ము కూడా ఆ బొమ్మను గీయడానికే ఖర్చయిందన్నది సీమ రచయితలు చాలాకాలంగా చేస్తున్న ఫిర్యాదు, అది తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు.

కథ మీద కొనుగోలుదారుల పట్టు ఇలా ఉంటే, నిర్మాతకు అప్పు ఇచ్చినవారి పట్టు విడుదల రోజు దాకా ఉండేది. ఫిలిం ప్రింట్ల కాలంలో నెగటివ్ ఉన్న ల్యాబు, ఫైనాన్షియర్‌కు 'ల్యాబ్ లెటర్' అనే హామీపత్రం రాసిచ్చేది. బాకీ తీరిందని అతడు చెప్పేదాకా రీళ్ల పెట్టెలు ల్యాబు దాటి బయటికి వచ్చేవి కావు. డిజిటల్ ప్రదర్శన వచ్చాక పెట్టెలు పోయాయి, చిత్రం థియేటరు సర్వరులోకి ముందే చేరుకుంటుంది, కానీ దాన్ని తెరిచే రహస్య సంకేతం, వాడుకలో 'కీ', లెక్కలు తేలాకే విడుదలవుతుంది. ఉదయం ఆటకు జనం గేటు దగ్గర నిలబడి ఉండగా, ముందు రాత్రి మొదలైన బేరం ఇంకా తెగక ఆట ఆలస్యమైన రోజులు ఈ కాలంలోనూ ఉన్నాయి.