న్యూయార్క్ సోమవారాలు

న్యూయార్క్‌లో సోమవారం రాత్రికి గిరాకీ తక్కువ. బ్రాడ్‌వే నాటకశాలల్లో చాలావాటికి ఆ రోజు సెలవు. శని, ఆదివారాలు ఊరంతా తిరిగినవాళ్ళు ఆ రాత్రికి ఇంటిపట్టున ఉంటారు. క్లబ్బు యజమానికి డబ్బు రాని రాత్రి అది, వాద్యకారుడికి పని లేని రాత్రి. ఈ రెండు ఖాళీలూ కలిసినచోట జాజ్ సంగీతానికి కొత్త ఊపిరి వచ్చింది. జాజ్ చరిత్ర అనగానే మహా విద్వాంసుల పేర్లూ, వాళ్ళ రికార్డులూ చెబుతాం. వారం వారం తప్పకుండా జరిగిన ఒక చిన్న కచేరీకి కూడా ఆ చరిత్రలో పెద్దపీట వేయాలని నా అభిప్రాయం.

ఈ సంప్రదాయానికి పాత చిరునామా ఒకటి హార్లెమ్‌లో ఉంది. 118వ వీధిలోని సెసిల్ హోటల్లో హెన్రీ మింటన్ 1938లో మింటన్స్ ప్లేహౌస్ తెరిచాడు. ఆయన స్వయంగా శాక్సోఫోన్ వాద్యకారుడు, సంగీతకారుల యూనియన్‌లో ప్రతినిధిగా పనిచేసినవాడు. కూలి లేకుండా కలిసి వాయించుకునే జామ్ సెషన్లను యూనియన్ ఒప్పుకునేది కాదు, పట్టుబడితే జరిమానా వేసేది. మింటన్ పలుకుబడి వల్ల ఆయన క్లబ్బులో ఆ భయం ఉండేది కాదు. నిర్వహణ చేపట్టిన టెడ్డీ హిల్, కెనీ క్లార్క్‌ను డ్రమ్స్ మీద, థెలోనియస్ మంక్‌ను పియానో మీద కూర్చోబెట్టాడు. సోమవారాల్లో అపోలో థియేటర్ కళాకారులను పిలిచి ఉచితంగా భోజనం పెట్టేవాడు. తిన్నవాళ్ళు వాయించకుండా వెళ్ళేవారు కాదు. పెద్ద డాన్సు బ్యాండ్లలో రాసిపెట్టిన స్వరాలే రోజూ వాయించి విసిగిన యువకులకు ఇక్కడ మనోధర్మానికి హద్దు లేకుండా పోయింది. తర్వాత బీబాప్ అని పేరు పడిన శైలి పెరిగిన చోట్లలో ఇది ముఖ్యమైనది. కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థి జెర్రీ న్యూమన్ 1941 మే నెలలో తన రికార్డింగ్ యంత్రం మోసుకొచ్చి, ఇక్కడ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ వాయించింది పట్టి ఉంచాడు. మరుసటి ఏడాది మార్చిలో క్రిస్టియన్ 25 ఏళ్ళకే క్షయతో చనిపోయాడు. ఆ విద్యార్థి శ్రమ లేకపోతే మనకు ఎంత నష్టం!

ఇక గ్రీనిచ్ విలేజ్‌కు వద్దాం. సెవెంత్ అవెన్యూ సౌత్‌లో 178 నంబరు ఇంటి నేలమాళిగలో మాక్స్ గోర్డన్ 1935లో విలేజ్ వాన్‌గార్డ్ నడపడం మొదలుపెట్టాడు. త్రికోణం ఆకారపు గది, నూటపాతిక మంది కూడా పట్టరు. మొదట్లో అక్కడ కవిత్వం చదివేవారు, జానపదాలు పాడేవారు, హాస్యనాటికలు వేసేవారు. 1957 నుంచి పూర్తిగా జాజ్ వేదిక అయింది. ఆ ఏడాది సోనీ రోలిన్స్, 1961లో బిల్ ఎవాన్స్, జాన్ కోల్ట్రేన్ అక్కడ చేసిన రికార్డులు ప్రపంచమంతా తిరిగాయి. వాటి వల్లే క్లబ్బుకు కీర్తి వచ్చింది. అయినా నా మనసు ఎక్కువగా వెళ్ళేది 1966 ఫిబ్రవరి 7 సోమవారం మీదికే.

థాడ్ జోన్స్ ట్రంపెట్ వాద్యకారుడు, కౌంట్ బేసీ బృందంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. బేసీ కోసం ఆయన రాసిన కొన్ని రచనలు ఆ బృందం పద్ధతికి ఒదగక పక్కన పడ్డాయి. వాటిని వినిపించడానికి డ్రమ్మర్ మెల్ లూయిస్‌తో కలిసి సొంత బిగ్ బ్యాండ్ కట్టాడు. ఐదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, బాస్, డ్రమ్స్: ఇంతమందిని పోషించడం అప్పటికే ఎవరి తరమూ కాని పని. రాక్ సంగీతం ఊరంతా ఏలుతున్న రోజులవి. వాద్యకారులు పగలు స్టూడియోల్లో ప్రకటనలకూ సినిమాలకూ వాయించి పొట్ట పోసుకుంటూ, అర్ధరాత్రి దాటాక సాధన చేసేవారు. గోర్డన్ వాళ్ళకు ఫిబ్రవరిలో కొన్ని సోమవారాలు ఇచ్చి చూద్దామన్నాడు. మొదటి రాత్రే క్లబ్బు కిక్కిరిసింది. ఆ కచేరీని రికార్డు చేసినవాడు కూడా కొలంబియా విద్యార్థే, 19 ఏళ్ళ జార్జ్ క్లాబిన్. ఆ టేపులు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో పూర్తిస్థాయి ఆల్బమ్‌గా వచ్చాయి.

కొన్ని వారాలకని మొదలైనది ఆగలేదు. ఊళ్ళో శనివారం భజన నడిచినట్టు నడిచింది: ఒకరు రాకపోతే మరొకరు అందుకుంటారు, పిల్లలు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. స్వరకర్తకు ఇంతకన్నా కావలసిందేముంది? ఏ ట్రాంబోన్ ఎవరి చేతిలో ఉందో, ఆ చేతికి ఏది సహజమో అతనికి తెలుసు. ఈ వారం వాయించి చూసింది వచ్చే వారానికి దిద్దుకోవచ్చు. ఏడాదికోసారి పెద్ద హాల్లో కచేరీ చేసే బృందానికి ఈ భాగ్యం లేదు.

1979 నాటికి జోన్స్ డెన్మార్క్ వెళ్ళిపోయాడు. బృందం చెదిరిపోతుందని భయపడ్డవాళ్ళున్నారు. మెల్ లూయిస్ పట్టు వదల్లేదు. మొదటి బృందంలో ట్రాంబోన్ వాయించిన బాబ్ బ్రుక్‌మేయర్ తిరిగొచ్చి కొత్త రచనలు చేశాడు. తర్వాత పియానిస్ట్ జిమ్ మెక్‌నీలీ ఆ పని అందుకున్నాడు. 1989లో గోర్డన్, 1990 ఫిబ్రవరిలో లూయిస్ కన్నుమూశారు. గోర్డన్ భార్య లొరైన్ క్లబ్బును 2018లో చనిపోయేదాకా నడిపింది, ఆపైన కూతురు డెబొరా. బృందం వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా అని పేరు మార్చుకుని అవే సోమవారాలు కొనసాగించింది. 2008లో వచ్చిన వాళ్ళ సోమవారం కచేరీ ఆల్బమ్‌కు గ్రామీ దక్కింది.

ఇదే దారిలో నడిచినవాళ్ళు ఇంకా ఉన్నారు. గిల్ ఎవాన్స్ 1980లలో స్వీట్ బేసిల్ క్లబ్బులో సోమవారాలు తన ఆర్కెస్ట్రాను వాయింపజేశాడు. గిటార్ మేధావి లెస్ పాల్ కీళ్ళనొప్పులతో వేళ్ళు బిగుసుకున్నా 2009లో, 94 ఏళ్ళ వయసులో చనిపోయే ముందు వరకూ ఇరిడియం క్లబ్బులో సోమవారం కచేరీ సాగించాడు.

కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడిన వాన్‌గార్డ్ 2021 సెప్టెంబరులో తెరుచుకుంది, సోమవారాలూ తిరిగి మొదలయ్యాయి. న్యూజెర్సీలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. జెర్సీ సిటీ నుంచి పాత్ రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే క్లబ్బుకు కొద్ది నిమిషాల నడక. పిల్లలను చూడటానికి వెళ్ళిన పెద్దలు కూడా ఒక సోమవారం అటు వెళ్ళండి. వాయిస్తున్నంతసేపూ అక్కడ మాటలు ఉండకూడదు, ఫోన్ బయటకు తీయకూడదు.